డ్రాకులా అన్‌టోల్డ్ (2014): తరచుగా అడిగే ప్రశ్నలు

15వ శతాబ్దపు వలాకియా (నేటి రుమేనియా దక్షిణ భాగం) పాలకుడు వ్లాడ్ త్సెపెష్‌ను రక్తపిశాచిగా చూపిన ఈ సినిమా చూసినవారికి సాధారణంగా రెండు రకాల సందేహాలు కలుగుతాయి: కథకు సంబంధించినవి కొన్ని, చరిత్రకు సంబంధించినవి కొన్ని. రెండింటికీ ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ముగింపుతో సహా కథంతా ప్రస్తావనకు వస్తుంది కాబట్టి, సినిమా ఇంకా చూడనివారు చూసిన తరువాతే చదవడం మంచిది.

సినిమా కథ క్లుప్తంగా ఏమిటి?

చిన్నతనంలో ఒట్టోమన్ సుల్తాన్ సైన్యానికి అప్పగించబడి, యుద్ధంలో వేలమందిని కొరత వేసి (అంటే మొనదేలిన కొయ్యకు గుచ్చి చంపి) పేరు మోసిన వ్లాడ్, ఆ జీవితాన్ని వదిలి సొంత రాజ్యానికి వచ్చి భార్య మిరెనాతో, కొడుకు ఇంగెరాష్‌తో ప్రశాంతంగా బతుకుతుంటాడు. సుల్తాన్ రెండవ మెహ్మద్ వెయ్యిమంది మగపిల్లలను, వారితోపాటు వ్లాడ్ కొడుకును కూడా పంపమని కోరడంతో ఆ ప్రశాంతత ముగుస్తుంది. ఎదిరించే బలం లేని వ్లాడ్ ఒక కొండగుహలో శతాబ్దాలుగా బందీగా ఉన్న ముసలి రక్తపిశాచిని ఆశ్రయిస్తాడు. దాని రక్తం తాగితే మూడు రోజులపాటు అమానుషమైన బలం వస్తుంది. ఆ మూడు రోజులూ మనుషుల నెత్తురు తాగాలన్న దాహాన్ని అణచుకోగలిగితే మళ్లీ మామూలు మనిషి అవుతాడు, అణచుకోలేకపోతే ఎప్పటికీ పిశాచిగానే మిగులుతాడు, గుహలోని పిశాచికి విడుదల దొరుకుతుంది. ఏది జరుగుతుందో ప్రేక్షకుడికి మొదటినుంచీ తెలుసు, ఎందుకంటే సినిమా పేరులోనే డ్రాకులా ఉన్నాడు. అయినా ఆ మూడు రోజుల గడువు కథను బిగువుగా నడిపిస్తుంది.

వ్లాడ్‌గా లూక్ ఇవాన్స్, మెహ్మద్‌గా డొమినిక్ కూపర్, మిరెనాగా సారా గాడన్, గుహలోని పిశాచిగా చార్లెస్ డాన్స్ నటించారు. దర్శకుడు గ్యారీ షోర్‌కు ఇది తొలి చిత్రం. చార్లెస్ డాన్స్ కనిపించేది కొద్ది నిమిషాలే అయినా సినిమాలో అందరికంటే బాగా గుర్తుండిపోయేది ఆయనే.

వ్లాడ్ నిజంగా ఉన్నాడా? ట్రాన్సిల్వేనియాకు రాజా?

ఉన్నాడు, కానీ ట్రాన్సిల్వేనియాకు రాజు కాదు. అతడు పాలించింది వలాకియాను, అంటే కార్పేతియన్ పర్వతాలకు దక్షిణంగా డాన్యూబ్ నది వరకు పరుచుకున్న ప్రాంతాన్ని. పర్వతాలకు అవతల ఉన్న ట్రాన్సిల్వేనియా అప్పట్లో హంగరీ రాజ్యంలో భాగం. అతడు 1431 ప్రాంతంలో, బహుశా ట్రాన్సిల్వేనియాలోని సిగిషోవారా పట్టణంలో పుట్టి ఉంటాడన్నది చరిత్రకారులు ఎక్కువమంది చెప్పే మాట. అతడు మూడుసార్లు గద్దెనెక్కాడు: 1448లో కొద్ది వారాలు, 1456 నుంచి 1462 వరకు, చివరిగా 1476లో మళ్లీ కొద్ది వారాలు. అతని పేరు వినగానే గుర్తుకొచ్చే సంఘటనలన్నీ ఆ మధ్య ఆరేళ్లలోనివే.

వలాకియా ఒకవైపు హంగరీకి, మరోవైపు ఒట్టోమన్లకు మధ్య నలిగిన చిన్న రాజ్యం. పాలకుడిని ‘వోయివోడ్’ అనేవారు. రాజవంశంలో పుట్టిన ఏ మగవాడైనా గద్దెకు పోటీపడవచ్చు కాబట్టి, బొయార్లు అనే భూస్వామ్య ప్రభువులు తమకు నచ్చిన వారసుడిని నిలబెట్టి, నచ్చనివాడిని దింపేవారు. వ్లాడ్ తండ్రి 1447లో హత్యకు గురయ్యాడు. అన్న మిర్చాను రాజధాని తిర్గోవిష్టే బొయార్లు సజీవంగా పాతిపెట్టారని చెబుతారు. వ్లాడ్ కాఠిన్యాన్ని అర్థం చేసుకోవాలంటే సుల్తాన్ కంటే ముందు ఈ బొయార్ల సంగతి తెలియాలి. సినిమాలో వారి ఊసు దాదాపు లేదు. నా దృష్టిలో కథకు జరిగిన పెద్ద నష్టం అదే.

డ్రాకులా అనే పేరు సినిమావాళ్లు పెట్టిందా?

కాదు, అది అతని అసలు పేరే. ఒట్టోమన్లకు వ్యతిరేకంగా హంగరీ రాజు సిగిస్మండ్ 1408లో స్థాపించిన డ్రాగన్ కూటమిలో వ్లాడ్ తండ్రి 1431లో చేరి ‘డ్రాకుల్’ (డ్రాగన్) అనిపించుకున్నాడు. కొడుకు కాబట్టి వ్లాడ్ డ్రాకులా అయ్యాడు. కొరత వేసేవాడు అనే అర్థంలో వచ్చిన ‘త్సెపెష్’ అన్నది మాత్రం అతడు పోయిన తరువాత స్థిరపడిన పేరు.

చిన్నతనంలో సుల్తాన్ వద్ద పెరిగాడన్నది నిజమేనా?

నిజమే, కానీ సినిమాలో చూపినట్లు కాదు. 1442లో వ్లాడ్‌నూ తమ్ముడు రాదూనూ వారి తండ్రి విధేయతకు హామీగా సుల్తాన్ రెండవ మురాద్ వద్ద ఉంచారు. తండ్రి మాట తప్పితే పిల్లల ప్రాణాలు పోతాయన్నమాట. వాళ్లు రాజకుటుంబపు జామీనులే తప్ప బానిస సైనికులు కాదు. అలాంటి సైనికులతో కూడిన సుల్తాన్ జానిసరీ దళంలో వ్లాడ్ ఎన్నడూ లేడు. మురాద్ కొడుకు మెహ్మద్ 1432లో పుట్టాడు, అంటే వ్లాడ్‌కు దాదాపు ఈడువాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకరికొకరు తెలుసని సినిమా చేసిన ఊహ కాబట్టి మరీ అసంబద్ధమేమీ కాదు.

సినిమా పూర్తిగా వదిలేసిన మనిషి రాదూ. అందగాడిగా పేరుపొందిన ఈ తమ్ముడు ఒట్టోమన్ దర్బారులోనే ఉండిపోయి, 1462లో అన్నకు ఎదురుగా సుల్తాన్ సైన్యంతో వచ్చి వలాకియా గద్దెనెక్కాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే చెరలో పెరిగి రెండు దారులు పట్టిన ఈ కథ ఉండగా, దాన్ని వదిలి సుల్తాన్‌ను ఒంటి కోణపు దుర్మార్గుడిగా మలచవలసిన అవసరం రచయితలకు ఎందుకు వచ్చిందో అర్థం కాదు.

సుల్తాన్ నిజంగా వెయ్యిమంది పిల్లలను అడిగాడా?

ఈ కల్పనకు కొంత ఆధారం ఉంది. వలాకియా ఒట్టోమన్లకు ఏటా 10,000 బంగారు నాణేల కప్పం కట్టేది. ఆ కప్పంతోపాటు 500 మంది బాలురను కూడా పంపమని మెహ్మద్ దూతలు కోరినట్లు బైజాంటియమ్ చరిత్రకారుడు దూకాస్ రాశాడు. క్రైస్తవ కుటుంబాల నుంచి బాలురను తీసుకుని, మతం మార్చి, సైనికులుగానో అధికారులుగానో తీర్చిదిద్దే పద్ధతి ఒట్టోమన్ రాజ్యంలో నిజంగానే ఉండేది. అయితే అది సుల్తాన్ నేరుగా పాలించే ప్రాంతాలకు వర్తించే పన్ను. వలాకియా వంటి సామంత రాజ్యాల నుంచి అలా తీసుకోవడం ఆనవాయితీ కాదు. అందుకే దూకాస్ రాసిన మాటను చరిత్రకారులందరూ ఒకేలా నమ్మరు.

వ్లాడ్ నిజంగా అంత క్రూరుడా? సినిమాలో ఆ క్రూరత్వం ఎందుకు అంతగా కనిపించదు?

అతని క్రూరత్వం గురించి చెప్పినవారు ప్రధానంగా ముగ్గురు, ముగ్గురికీ వేర్వేరు ప్రయోజనాలు ఉన్నాయి. ట్రాన్సిల్వేనియాలోని బ్రషోవ్, సిబియు పట్టణాల జర్మన్ వర్తకులు మొదటివారు. వలాకియా వర్తకుల హక్కుల విషయంలోనూ, గద్దెకు పోటీదారులకు ఆశ్రయం ఇచ్చే విషయంలోనూ వ్లాడ్‌కు వారితో తగాదా ఉండేది; అతడు వారి ఊళ్ల మీద దాడి చేసి, పంటలు తగులబెట్టి, దొరికినవారిని కొరత వేశాడు. వారి కథలే 1463 నుంచి జర్మన్ ప్రాంతాలలో వ్యాపించాయి. మిహాయెల్ బెహైమ్ అనే కవి వాటిని పాటగా కట్టాడు. 1488 నుంచి అచ్చు యంత్రాలు వాటిని చిన్న పుస్తకాలుగా అమ్మాయి. కొరతల నడుమ బల్ల వేసుకుని భోజనం చేస్తున్న వ్లాడ్ బొమ్మ 1499లో నూరెంబర్గ్‌లో అచ్చయిన ప్రతిలోనిది. అమ్ముడుపోవాలని రాసినవి కాబట్టి వాటిలో అతిశయోక్తి ఉంది.

రెండవది, 1480లలో రష్యన్ రాయబారి ఫ్యోదర్ కురీత్సిన్ రాశాడని భావించే కథ. అందులోనూ వ్లాడ్ క్రూరుడే. టోపీ తీయడం తమ ఆచారం కాదన్న దూతల తలలకు ఆ టోపీలను మేకులతో కొట్టించినవాడే, బిచ్చగాళ్లను విందుకు పిలిచి ఇంటితో సహా తగులబెట్టించినవాడే. కానీ ఈ కథకుడు అతడిని దొంగలు లేని రాజ్యాన్ని నడిపిన కఠిన న్యాయమూర్తిగా కూడా చూస్తాడు. దారిలోని ఊట వద్ద బంగారు గిన్నె పెడితే ఎవరూ ఎత్తుకుపోయేవారు కాదన్న కథ ఆ ధోరణిలోదే. మూడవ ఆధారం అన్నిటికంటే భయంకరమైనది, ఎందుకంటే అది వ్లాడ్ సొంత ఉత్తరం. 1461–62 చలికాలంలో డాన్యూబ్ దాటి బల్గేరియా తీరాన్ని ధ్వంసం చేసిన తరువాత, 1462 ఫిబ్రవరి 11న అతడు హంగరీ రాజు మత్యాష్‌కు రాస్తూ, ఇళ్లలో కాలిపోయినవారిని, తలలు తమ అధికారులకు చేరనివారిని లెక్కలోకి తీసుకోకుండా, 23,884 మంది తురుష్కులను, బల్గేరియన్లను చంపామని ఊరూరి లెక్కతో సహా తెలియజేశాడు.

సినిమా ఇవన్నీ పక్కన పెట్టింది. కొరతల వనం కొద్ది క్షణాలు కనిపిస్తుంది. ఒక్క ఊరిలో భయం పుట్టిస్తే పది ఊళ్లు లొంగుతాయన్న తర్కంతో వ్లాడ్ దాన్ని సమర్థించుకుని, పశ్చాత్తాపపడి, ముందుకు సాగిపోతాడు. అమెరికాలో 13 ఏళ్లలోపు పిల్లలకు పెద్దల హెచ్చరికతో చూపదగిన చిత్రంగా దీన్ని విడుదల చేశారు కాబట్టి రక్తపాతాన్ని నీడల్లో, గబ్బిలాల గుంపుల్లో దాచవలసి వచ్చిందనుకోవచ్చు. కానీ అసలు ఇబ్బంది అంతకంటే లోతైనది. కొడుకును కాపాడుకునే తండ్రిగా వ్లాడ్‌ను నిలబెట్టాలని నిశ్చయించుకున్న తరువాత, అతడు పిశాచిగా మారకముందే చేసిన పనులు కథకు అడ్డమవుతాయి. మనిషిగా ఉన్నప్పుడే అంత చేసినవాడు పిశాచిగా మారి కొత్తగా కోల్పోయేదేమిటన్న ప్రశ్నకు సినిమా దగ్గర జవాబు లేదు.

1462 యుద్ధం నిజంగా ఎలా జరిగింది?

సినిమాలో వ్లాడ్ ఒంటరిగా కోట ముందు వెయ్యిమంది సైనికులను చీల్చి చెండాడతాడు. చరిత్రలో అతని వద్ద అలాంటి బలం లేదు, ఉన్నది తెగింపు. కప్పం ఆపేసిన వ్లాడ్‌ను మాటలతో రప్పించి పట్టుకోవడానికి సుల్తాన్ హమ్జా పాషానూ, గ్రీకు కార్యదర్శి థామస్ కటబొలినోస్‌నూ పంపాడు. పన్నాగం పసిగట్టిన వ్లాడ్ డాన్యూబ్ ఒడ్డునున్న జూర్జు కోట దగ్గర వారినే పట్టుకుని కొరత వేయించాడు. డాన్యూబ్ దాడి దాని తరువాతిదే.

1462 వేసవిలో మెహ్మద్ స్వయంగా దండెత్తి వచ్చాడు. ఎదురునిలిచి పోరాడే సంఖ్యాబలం లేని వ్లాడ్, శత్రువుకు తిండీ నీరూ దొరకకుండా సొంత దేశపు పొలాలు తగులబెట్టి, బావుల్లో విషం కలిపి, జనాన్ని అడవుల్లోకీ కొండల్లోకీ పంపేశాడు. జూన్ 17 రాత్రి సుల్తాన్‌ను గుడారంలోనే చంపాలని ఒట్టోమన్ శిబిరం మీద పడ్డాడు. చీకట్లో గుడారం తప్పి, వజీర్లు మహమూద్, ఇషాక్‌ల గుడారాల మీదికి అతని మనుషులు వెళ్లారని గ్రీకు చరిత్రకారుడు ఖల్కొకొండిలిస్ రాశాడు. ఆ రాత్రి గుడారం గుర్తు సరిగ్గా దొరికి ఉంటే తూర్పు ఐరోపా చరిత్ర మరోలా ఉండేదేమో. ఇంత ఉత్కంఠ ఉన్న ఘట్టం చేతిలో ఉండగా, పిశాచి బలంతో గెలిపించడం తేలిక దారి అనిపిస్తుంది.

తరువాత తిర్గోవిష్టే చేరుకున్న సుల్తాన్ సైన్యానికి ఊరు బయట కొరత వేసిన శవాల వనం ఎదురైంది. ఖల్కొకొండిలిస్ లెక్క ప్రకారం అందులో దాదాపు 20,000 మంది ఉన్నారు. ఇలాంటి పనులు చేయగల మనిషి నుంచి అతని దేశాన్ని లాక్కోవడం కష్టమని సుల్తాన్ అన్నాడని కూడా ఆయనే రాశాడు. అయినా చివరికి ఓడినది వ్లాడే. విసిగిపోయిన బొయార్లు రాదూ పక్షాన చేరారు. సహాయం కోసం హంగరీ రాజు మత్యాష్ వద్దకు వెళ్లిన వ్లాడ్‌ను, సుల్తాన్‌తో కుమ్మక్కయ్యాడన్న ఉత్తరాలను చూపి బంధించారు. ఆ ఉత్తరాలు సృష్టించినవేనని చరిత్రకారులు చాలామంది భావిస్తారు. తురుష్కులపై యుద్ధానికని పోప్ ఇచ్చిన ధనానికి మత్యాష్ ఏదో ఒక సంజాయిషీ చెప్పుకోవలసి ఉంది. వ్లాడ్ పన్నెండేళ్లకు పైగా హంగరీలో నిర్బంధంలో గడిపాడు.

సినిమాలో లాగా వ్లాడ్ మెహ్మద్‌ను చంపాడా?

లేదు. 1453లో 21 ఏళ్ల వయసులో కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన మెహ్మద్, వ్లాడ్ పోయిన తరువాత కూడా నాలుగేళ్లకు పైగా పాలించి 1481లో మరణించాడు. నేలంతా వెండి నాణేలు పరిచిన గుడారంలో జరిగే ద్వంద్వయుద్ధం పూర్తిగా కల్పన, కానీ సినిమాలో బాగా ఆలోచించి తీసిన ఘట్టాలలో అదొకటి.

మిరెనా, ఇంగెరాష్ చారిత్రక వ్యక్తులేనా?

పేర్లు రెండూ కల్పితాలే. వ్లాడ్ మొదటి భార్య పేరు చరిత్రలో నిలవలేదు. 1462లో తురుష్కులు చుట్టుముట్టినప్పుడు ఆమె పోయెనారి కోట మీది నుంచి ఆర్జెష్ నదిలోకి దూకిందన్న కథ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. మఠం గోడ మీది నుంచి మిరెనా పడిపోయే దృశ్యానికి మూలం ఈ కథే అయి ఉండాలి. తరువాత వ్లాడ్ మత్యాష్ బంధువైన యుస్తీనా సిలాజీని పెళ్లాడాడు. కొడుకుల్లో ఒకడైన మిహ్నియా 1508లో వలాకియా గద్దెనెక్కాడు. ఆ రాజును చరిత్ర ‘చెడ్డ మిహ్నియా’గా గుర్తుంచుకుంది కాబట్టి, సినిమా చివర పసి ముఖంతో కిరీటం ధరించే ఇంగెరాష్‌తో పోల్చి చూస్తే కొంచెం నవ్వు వస్తుంది. జనం తలదాచుకునే కోజియా మఠం మాత్రం నిజంగా ఉంది. ఓల్త్ నది ఒడ్డున దాన్ని 14వ శతాబ్దం చివర కట్టించింది వ్లాడ్ తాత మిర్చా.

వ్లాడ్ రక్తపిశాచి ఎప్పుడయ్యాడు?

బతికున్నప్పుడు గానీ, పోయిన నాలుగు వందల ఏళ్ల వరకు గానీ అతడిని ఎవరూ రక్తపిశాచి అనలేదు. అతడిని అసహ్యించుకున్న జర్మన్ వర్తకులు సైతం అతడిని నిరంకుశుడనీ, హంతకుడనీ మాత్రమే అన్నారు. సమాధి నుంచి లేచి వచ్చే చచ్చినవాళ్ల గురించిన నమ్మకాలు రుమేనియన్ పల్లెల్లో ఉండేవి, వాటిని ‘స్ట్రిగోయి’ అంటారు. కానీ ఆ నమ్మకాలు వ్లాడ్ పేరుతో ముడిపడినవి కావు. పశ్చిమ ఐరోపాను రక్తపిశాచాల భయం పట్టుకున్నది 1725–32 మధ్య సెర్బియా పల్లెల నుంచి ఆస్ట్రియా అధికారులు పంపిన నివేదికలతో.

రెండింటినీ కలిపింది ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్. 1890 వేసవిలో ఇంగ్లండ్‌లోని విట్బీ గ్రంథాలయంలో, బుకరెస్ట్‌లో బ్రిటిష్ కాన్సుల్‌గా పనిచేసిన విలియం విల్కిన్‌సన్ 1820లో రాసిన పుస్తకాన్ని ఆయన చదివాడు. డాన్యూబ్ దాటి తురుష్కుల మీద పడిన డ్రాకులా అనే వోయివోడ్ గురించి అందులో కొద్ది వాక్యాలు, ఆ పేరుకు వలాకియా భాషలో దయ్యం అని అర్థమని చెప్పే ఒక అధస్సూచిక ఉన్నాయి. అప్పటిదాకా తన పిశాచికి ‘కౌంట్ వాంపైర్’ అని పెట్టుకున్న పేరును ఆయన కొట్టేశాడు. 1897లో వెలువడిన నవలలో వ్లాడ్ అన్న పేరు గానీ, కొరతల ప్రస్తావన గానీ లేవు. స్టోకర్ ట్రాన్సిల్వేనియాకు ఎన్నడూ వెళ్లలేదు కూడా.

నవలలోని కౌంటూ చరిత్రలోని వ్లాడూ ఒకరేనన్న అభిప్రాయం జనంలో బలపడింది 1972 తరువాత. ఆ ఏడాది రాదూ ఫ్లొరెస్కు, రేమండ్ మెక్‌నల్లీ అనే ఇద్దరు ఆచార్యులు రాసిన పుస్తకం ఆ సంబంధాన్ని ప్రపంచమంతా చాటింది. 1992లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా తీసిన సినిమా 1462 యుద్ధంతోనే మొదలవుతుంది. ‘అన్‌టోల్డ్’ ఆ దారిలోనే ఇంకొంచెం ముందుకు వెళ్లి, చివరి దృశ్యం తప్ప మొత్తం కథను 15వ శతాబ్దంలోనే ఉంచింది.

ఎండ తగిలితే చనిపోవడం, వెండికి లొంగిపోవడం పాత నమ్మకాలేనా?

ఎండ సంగతి సినిమాలు కల్పించిందే. స్టోకర్ నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు, కాకపోతే అప్పుడు శక్తులు తగ్గుతాయి. సూర్యకాంతికి పిశాచి నశించడం 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘నోస్‌ఫెరాటు’తో మొదలైంది. వెండికి లొంగడం కూడా నవలలో లేదు.

వ్లాడ్ నిజంగా లూక్ ఇవాన్స్‌లా ఉండేవాడా?

ఆస్ట్రియాలోని ఆంబ్రాస్ కోటలో ఉన్న ప్రసిద్ధ చిత్రంలో అతనికి భుజాల మీద పడే ఉంగరాల జుట్టు, పెద్ద మీసాలు, పొడవైన ముక్కు, ముత్యాల పట్టీ ఉన్న ఎర్రటి టోపీ ఉన్నాయి. పోలిక ఏమీ లేదు.

చివర్లో లండన్ దృశ్యం ఎందుకు? రెండో భాగం ఉందా?

సూర్యకాంతికి కాలిపోయిన వ్లాడ్‌ను అనుచరుడొకడు నెత్తురు పోసి బతికిస్తాడు. శతాబ్దాల తరువాత నేటి లండన్ వీధిలో, మిరెనాను పోలిన మీనా అనే యువతిని అతడు కలుస్తాడు, గుహలోని పిశాచి దూరం నుంచి వారిని గమనిస్తుంటాడు. తరువాతి సినిమాకు వేసిన పునాది అది. దాదాపు 7 కోట్ల డాలర్ల ఖర్చుతో తీసిన చిత్రం ప్రపంచవ్యాప్తంగా 21 కోట్లకు పైగా వసూలు చేసినా, రెండో భాగం రాలేదు. యూనివర్సల్ సంస్థ తన పాత భూతాల కథలన్నిటినీ ఒకే గొలుసుగా కలపాలని 2017లో ‘ద మమ్మీ’తో కొత్తగా ప్రారంభించింది, ఆ ప్రయత్నమూ అక్కడితోనే ఆగింది.

సినిమాను రుమేనియాలో తీశారా?

లేదు, ప్రధానంగా ఉత్తర ఐర్లండ్‌లో తీశారు. పచ్చటి కొండలు, నల్లటి రాతి తీరం చూడముచ్చటగానే ఉన్నా, వలాకియా మైదానాలకూ డాన్యూబ్ చిత్తడి నేలలకూ వాటికీ సంబంధం లేదు.

రుమేనియన్లు వ్లాడ్‌ను ఎలా చూస్తారు? వారు తీసిన సినిమా ఉందా?

అక్కడ అతడు దేశరక్షకుడు, అవినీతిని సహించని రాజు. జాతీయ కవి మిహాయ్ ఎమినెస్కు 1881లో రాసిన ఒక ప్రసిద్ధ కవితలో, దేశాన్ని పాడుచేస్తున్న వంచకులను శిక్షించడానికి మళ్లీ రమ్మని త్సెపెష్‌నే పిలుస్తాడు. బుకరెస్ట్ పేరు కనిపించే అతి పాత పత్రం కూడా 1459 సెప్టెంబర్ 20న వ్లాడ్ జారీ చేసినదే.

వ్లాడ్ 500వ వర్ధంతిని 1976లో ప్రభుత్వపరంగా జరుపుకున్నారు. ఆ తరువాత మూడేళ్లకు దోరు నస్తాసె దర్శకత్వంలో ‘వ్లాడ్ త్సెపెష్’ సినిమా వచ్చింది. టైటిల్ పాత్రలో ష్టెఫాన్ సిలేయాను నటించారు. అందులో పిశాచం ఊసే లేదు. ఒట్టోమన్లతో యుద్ధం, దర్బారులో బొయార్లతో పోరు, ఈ రెండే కథ. అంటే ‘అన్‌టోల్డ్’ వదిలేసినదంతా అందులో ఉంది. అయితే ఆ సినిమాకూ ఒక అవసరం ఉంది. అది రుమేనియా కమ్యూనిస్టు నియంత చౌషెస్కు పాలన రోజుల్లో, పాత రాజులను బలమైన ఏకైక నాయకులుగా చూపే చారిత్రక చిత్రాలు వరుసగా వస్తున్న కాలంలో తీసినది. అందులో క్రూరత్వాన్ని దాచరు, దేశం కోసం తప్పదని సమర్థిస్తారు. హాలీవుడ్ తండ్రి ప్రేమతో కడిగేసిన రక్తాన్ని బుకరెస్ట్ రాజ్యావసరంతో కడిగింది. రెండింటిలో ఒక్కటే చూడగలిగితే 1979 నాటిదే చూడమంటాను, ఎందుకంటే అందులో సుల్తాన్‌కు బుద్ధి ఉంటుంది, బొయార్లకు ప్రయోజనాలు ఉంటాయి, వ్లాడ్ తీసుకునే ప్రతి నిర్ణయానికీ రాజకీయ మూల్యం ఉంటుంది.

వ్లాడ్ ఎలా చనిపోయాడు? సమాధి ఎక్కడ ఉంది?

1476 నవంబర్‌లో మళ్లీ గద్దెనెక్కిన వ్లాడ్, ఆ ఏడాది చివర గానీ మరుసటి ఏడాది మొదట్లో గానీ ఒట్టోమన్ల పక్షాన ఉన్న ప్రత్యర్థితో పోరులో చనిపోయాడు. బుకరెస్ట్‌కు ఉత్తరాన సరస్సు మధ్యనున్న స్నాగోవ్ మఠంలో పాతిపెట్టారని ఆనవాయితీగా చెబుతారు. కానీ 1930లలో అక్కడ తవ్వినప్పుడు, అతనిదని చెప్పే సమాధిలో జంతువుల ఎముకలే బయటపడ్డాయి.

డ్రాకులా కోట అని చూపించే బ్రాన్ కోట అతనిదేనా?

కాదు. బ్రాన్ కోట బ్రషోవ్ జర్మన్ల రక్షణ కోసం కట్టినది, వ్లాడ్ దానికి ఎన్నడూ యజమాని కాదు. అతనితో నిజమైన సంబంధం ఉన్న స్థలాలు చూడాలనుకునేవారు తిర్గోవిష్టేలోని పాత రాజభవన శిథిలాలకు, ఆర్జెష్ లోయ మీద నిలిచిన పోయెనారి కోటకు వెళ్లాలి. పోయెనారి పైకి 1,480 మెట్లు ఎక్కాలి, కాబట్టి ఓపిక ఉన్న రోజునే బయలుదేరడం మేలు.